వైనతేయ మీద షికారు

పదకొండేళ్ళు కువైట్‌లో ఇళ్ళ పని చేసి సూర్యకాంతం తిరిగొచ్చి ఇరవై రోజులైంది. అరవయ్యో ఏట, పనీ పాటూ లేని తీరిక మొదటిసారి దొరికి, మొగుడు మంగరాజుతో అప్పనపల్లి రేవు నుంచి సాయంత్రంపూట వైనతేయ గోదావరి పాయ మీద పడవలో షికారు బయల్దేరింది. ఇది మూడో షికారు. ముందు చెక్క మీద ఆవిడ, వెనక తెడ్డుతో ఆయన.

“అబ్బ, నీళ్ళెంత చల్లగా ఉన్నాయండీ! చెయ్యి తియ్యబుద్ధి కావట్లేదు.”

“మరేమనుకున్నావు! రోజూ తీసుకొస్తాను. ఇంక మనకేం పని?”

“ఆయ్. మొదటిరోజు కాళ్ళు వణికేయి గానీ, ఇప్పుడు దిగమన్నా దిగను. ఇంద, తేగ తినండి. ఆ లంక చుట్టూ తిప్పుతారా?”

“తిప్పుతాను. ఇదిగో, సూర్యం! అటు చూడు, కొంగలు!”

“చూస్తున్నానండీ. ఎందుకలా అరుస్తారు? అవి కూడా ఎగిరిపోయేయి.”

“అరిచేనా?”

“అరవడమొకటే కాదు. మాట్లాడే ముందు తెడ్డుతో చెక్క మీద రెండు దెబ్బలు కొడుతున్నారు. నిన్నా అంతే, మొన్నా అంతే.”

“ఊరికే. అలవాటు.”

“ఇంట్లో కొట్టరే? పడవలోనే ఏం అలవాటండీ?”

“అబ్బా, పడవన్నాక చప్పుడవదా?”

“దెబ్బ పాదాల్లోకి తెలుస్తోంది. మా మేడం గారి మావగారికి చెవుడు. ఆయన ఇటు తిరగాలంటే నేనూ మంచం కోడు మీద ఇలాగే కొట్టేదాన్ని.”

“అదేనే. మా అమ్మకీ వినపడేది కాదు కదా. ఆ అలవాటే.”

“అత్తయ్యగారు పోయినప్పుడు నేనిక్కడే ఉన్నాను. ఈ పడవ నేను వెళ్ళేక కొన్నారు.”

“కొన్నది లంకలోంచి కొబ్బరికాయలు తేడానికి.”

“కాయలకి చెవుడా?”

“నీతో మాట్లాడ్డం కష్టం, సూర్యం. ఆ తేగ ఇలా ఇయ్యి.”

“తేగ సంగతి తరవాత. ఈ చెక్క మీద ఎవరు కూర్చునేవారు?”

“ఎవరో ఒకరు. రేవన్నాక ఎక్కుతారు, దిగుతారు.”

“అవతలి గట్టు వీరాయమ్మకి చిన్నప్పుడు జ్వరమొచ్చి చెవులు పోయేయి. ఈ చుట్టుపక్కల మాట వినపడని మనిషి ఆవిడొక్కత్తే.”

“ఆవిడ… అప్పుడప్పుడూ.”

“అప్పుడప్పుడూ అంటే?”

“సాయంత్రాలు.”

“రోజూనా?”

“వానాకాలం రాదు.”

“వానాకాలం రాదట! ఎంత మోసం చేసేరండీ నన్ను!”

“ఒట్టు, సూర్యం. షికారే. వేరే ఏమీ లేదు. ఒక్కణ్ణీ ఇంట్లో ఉండలేక…”

“షికారే అంటారా? వేరే ఏదైనా అయితే తిట్టి, నాలుగు రోజులు ఏడ్చి ఊరుకుందునేమో! శుక్రవారం శుక్రవారం మేడం వాళ్ళు సముద్రమ్మీద లాంచీలో తిరిగేవారు. నువ్వూ రా అని పిల్లలు చెయ్యి పట్టుకు లాగేవారు. ఒక్కసారీ ఎక్కలేదు. పదకొండేళ్ళూ ఒడ్డున వాళ్ళ చెప్పులకి కాపలా కూర్చున్నాను. ఎందుకు?”

“ఎందుకు?”

“ఎందుకని నన్నడుగుతున్నారా? ‘నువ్వొచ్చేదాకా సరదాకి పడవెక్కను, మొదటి షికారు మనిద్దరం కలిసే’ అని రాయలేదూ మీరు? ఆ ఉత్తరం మడతల దగ్గర చిరిగిపోతే అన్నం మెతుకులతో అతికించుకున్నాను.”

“నేనా రాసేను?”

“మరెవరు? ‘ఇక్కడ వాన పడుతోంది, నీకక్కడ వాన చప్పుడైనా ఉండదు కదా అని నిద్ర పట్టలేదు’ అని రాసిందెవరు? అది చదివి స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చేను నేను.”

“నాకు రాయడం రాదు కదే.”

“తెలుసు. పోస్టుమేన్ బంగారయ్యగారి చేత రాయిస్తానన్నారు.”

“నువ్వెళ్ళిన నెలకే బంగారయ్యకి బదిలీ అయిపోయింది.”

“మరి?”

“వీరాయమ్మ రాసేది. ఆ చెక్క మీదే కూర్చుని.”

“ఈ పడవలో, ఆవిణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని, పడవెక్కనని రాయించేరా? నోరెలా వచ్చిందండీ?”

“రాయించలేదే! నా పెదాలు చూస్తే ఆవిడకి మాట తెలుస్తుంది. మొదటి ఉత్తరానికి ‘నేను క్షేమం, నువ్వు క్షేమమని తలుస్తాను’ అన్నాను. ఇంతేనా అని నవ్వింది. మిగతాదంతా తనే రాసుకుంది. మళ్ళీ నేనేం చెప్పలేదు, ఆవిడా అడగలేదు. రాసి అంటించేసేది.”

“ఏం రాసిందో చదివి చెప్పేది కాదా?”

“లేదు. ఆ వాన సంగతీ, షికారు సంగతీ… నువ్వు చెబితే ఇప్పుడే వింటున్నాను.”

“నేను రాసినవి?”

“తనే చదువుకునేది. ‘బాగానే ఉందట’ అని నాకు చెప్పేది. ఒక్కోసారి కళ్ళు తుడుచుకునేది. ఎందుకని నేనడగలేదు.”

“మీరడగలేదు.”

“ఏమోనే, ఆడవాళ్ళ సంగతులనుకున్నాను. అలా చూడకు. చీకటి పడకుండా మన రేవుకి తిప్పెయ్యనా?”

“వద్దు. అవతలి గట్టుకి పోనివ్వండి. పదకొండేళ్ళూ నాతో కాపరం చేసింది ఆవిడే గానీ, మీరు కాదు.”