సవతి బిళ్ల బరువు

బోథ్‌కు డాక్టరమ్మ కొత్తగా వచ్చిన రోజులవి. అక్కడ ఓ ఇంటికి రెండో భార్యగా వచ్చిన కోడలు, చనిపోయిన సవతి పేరిట మెడలో వెండి బిళ్ల కట్టుకుంది. పగటిపూట తను తినే ముందు సవతికి మోదుగాకులో వడ్డిస్తుంటే అత్త చూసింది.

"సవతికి ఇంత జొన్నగట్క పెడితె సాలదానే? రొట్టె, పప్పు, నెయ్యి... బతికున్నోళ్లకు పెట్టినట్టే పెడ్తున్నవ్!"

"డాక్టరమ్మ చెప్పింది గదత్తా. నాకున్న బరువు మంచిగుందట, గిట్లనే నిలుపుకోవాల్నట. ఉత్త జొన్నలు తింటె కండ నిలువదు, పప్పుండాలె, జర నెయ్యుండాలె, ఏదీ ఎక్కువ కావద్దన్నది."

"గది నీకు చెప్పింది. సచ్చినదానికి బరువేందే?"

"పెండ్లినాడు గీ బిళ్ల ఈక లెక్క ఉండె. నా తిండే అక్కకు పెట్టవట్టినంక బరువెక్కింది. ఇప్పుడు పెరుగుతలేదు, తగ్గుతలేదు. పట్టి సూడు."

అత్త చెయ్యి చాపబోయి వెనక్కి తీసుకుంది.

"పరేషాన్ చెయ్యకే నన్ను."

"అక్కకు ఏం పెడ్తుంటివత్తా?"

"అందరం తిన్నదే."

"ఉత్త గట్కనట. పప్పు అడిగితె, కుండ కడిగిన నీళ్లు పోస్తుంటివట."

"ఎవలు చెప్పిండ్రే? గది నాకు, దానికి తప్ప ఎవలకెరుక!"

కోడలు వంటింట్లోకి వెళ్లింది. గిన్నె తెచ్చి అత్త ముందు పెట్టింది. అందులో గట్క తప్ప ఏమీ లేదు.

"ఇయ్యాల్టి సంది నీకు గిదేనట."

"డాక్టరమ్మ... చెప్పిందా?"

కోడలు బరువుగా వేలాడుతున్న బిళ్లను సర్దుకుంది.

"డాక్టరమ్మకు నీ సంగతేమెరుకత్తా?"