ఆది జాకెట్టు

"పెద్దమ్మా, ఈ జాకెట్టు పక్క కుట్లు కొంచెం విప్పిస్తావా? అర అంగుళం సాలు. మళ్ళీ బిగించుకోవాల్సిందే. ఈ నెలతో మాత్తర్లు మానేస్తాండా."

ఏమంటివి? మానేస్తావా? ఆ స్టూలు ఇట్ల లాక్కోని కూసో హేమా. తలుపు దగ్గరగా ఏసి రా. కాదులే, తెరిసే ఉండనీ. ఇప్పుడు నాకేం భయం.

నీకు తెలుసు గదా, నాకు పది మంది ముందర నోరు రాదు. ఐదో తరగతితో బడి మాన్పించినారు నన్ను. మీ అమ్మ అట్ల కాదు, నా సెల్లెలే గానీ దాని నోరు ఊరంత. దాన్ని అడిగితే ఇదంతా ఇంకో రకంగా సెప్తాది. నువ్వు నా కాడ ఇను.

నాకు జబ్బు వచ్చింది మీ సిన్నన్న పుట్టినప్పుడు. కాదు కాదు, వాడికి పాలు మాన్పించినంక. అప్పటికీ పుంగనూరులో ఈ ఇల్లే, ఈ మిషనే. మిషన్ తొక్కితే ఆ సప్పుడులో నా పేరు ఇనిపిస్తా ఉండె. పిలిసినట్టు కాదు, ఎగతాళి సేసినట్టు. తొక్కేది నిలిపితే అదీ నిలిసిపోవల్ల గదా? నిలిసేది కాదు. పది దినాలు కన్ను మూసింది లేదు. గాలి సోకిందని మా అత్త సదుం నుంచి ఒకాయన్ని పిలిపించి తాయెత్తు కట్టించె. మీ పెదనాయన వాళ్ళమ్మ మాట దాటే మనిషి కాదు. కానీ ఆ పొద్దు ఏమనుకున్నాడో, నన్ను బస్సెక్కించి మదనపల్లెకు పిలుసుకోని పోయి డాక్టరమ్మకు సూపించినాడు. మాత్తర్లు మొదలుపెట్టిన మూడో వారానికి మిషన్ సప్పుడు మిషన్ సప్పుడు మాదిరే ఇనిపించె. టకటకటక, అంతే. సంతోషంతో ఎంత ఏడిస్తినో.

దాంతోనే ఆకలి కూడా వచ్చె. ఒక సంగటిముద్ద తినేదాన్ని మూడు తింటి. సంవత్సరం తిరిగేలోపల నన్ను సూసి నేనే ఎవరీ యమ్మ అనుకునేటట్టయితి. బీరువా అద్దానికి దుప్పటి కప్పి పెడితి.

మా అత్త వాకిట్లో కూసోని వచ్చేవాళ్ళకూ పోయేవాళ్ళకూ సెప్పేది. "మేము తెచ్చుకున్న కోడలు ఊదుకడ్డీ మాదిరి ఉండె. యాడ పోయెనో ఆ పిల్ల. ఈ యమ్మ ఎవరో మా ఇంట్లో అన్నం తింటాండాది" అని.

అది ఓర్చుకుంటి. ఓర్చుకోలేంది ఇంకోటుండాది, నీకూ జరుగుతాంటాది సూడు. కోపం కూడా నా సొంతం కాకుండా పోయె. పిల్లోడు బడికి పోనని మొండికేస్తే అరిస్తి అనుకో, మా అత్త "ఈ పొద్దు మాత్తర ఏసుకుండావా?" అనేది. గట్టిగా నవ్వినా అదే మాట. మీ అవ్వ, మా అమ్మ, సచ్చిపోయిన పొద్దు ఏడిస్తే కూడా "మళ్ళీ మొదలాయెనా" అని ఒకరి మొకం ఒకరు సూసుకునిరి. అమ్మ సస్తే ఏడవనోళ్ళు ఎవరుంటారమ్మా? కొన్నాళ్ళకు నాకే తెలీకుండా పోయె, ఏది నా కోపం, ఏది జబ్బు కోపం అని. తర్వాత తర్వాత ఒకటి కనిపెడితి. నీకు పనికొస్తాదో లేదో గానీ సెప్తా. నాకైతే జబ్బు కోపం నిద్ర పోనియ్యదు, అన్నం లోపలికి పోనియ్యదు. నా సొంత కోపమైతే కడుపు నిండా తిని, పడుకోని, తెల్లారి మొకం కడుక్కున్నా అట్లే ఉంటాది. మా అత్త మీద ఉండేది అట్లాంటిదే. ఆ యమ్మ పోయి నాలుగేండ్లయినా ఇంకా ఉండాది!

యాడుంటిని? ఆఁ, ఆది జాకెట్టు. కొత్తది కుట్టేదానికి కొలతకని పాత జాకెట్టు ఇస్తారే, అది. అప్పుడు కుట్టుకూలి ఎనిమిది రూపాయలే, లైనింగు ఏసేది కూడా ఎవరికీ తెలీదు... అది వద్దులే. ఎవరన్నా ఐదేండ్ల నాటి ఆది తెస్తే, "ఇది పనికిరాదమ్మా, మనిషి మారినావు, టేపు పెడతా రా" అని నేనే సెప్పేదాన్ని. నాకు మాత్రం నా పెండ్లప్పటి ఆది పెట్టుకోనే కత్తిరించుకుంటాంటి. హుక్కులు ఎక్కేవి కాదు. పిన్నీసులు పెట్టి, ఎండాకాలంలో కూడా పైట రెండు భుజాలకూ సుట్టుకోని తిరిగేదాన్ని. టేపు పెట్టుకుంటే ఆ లావు మనిషి నేనే అని ఒప్పుకున్నట్టవుతాదని.

అంతలో మా ఆడబిడ్డకు కుప్పంలో పెండ్లి కుదిరె. మా అత్త నన్ను వంటింట్లోకి పిలిసి, "పెండ్లికొడుకు వాళ్ళకు నీ సంగతి తెలిస్తే నా కూతురి గతేం కావల్ల? మాత్తర్లతోనే గదా ఈ లావు. రెండు నెలలు ఆపు, ఏం కాదు" అనె. అబద్ధం యాల సెప్పల్ల, ఆ యమ్మ సెప్పిందని మానలేదు నేను. నాకే ఆశ.

మానిన నెలకే సన్నబడితి. వీధి వీధంతా మెచ్చుకునిరి! "సక్కగా అయినావే, ఏం తింటాండావు?" అని. ఏమీ తినకుండా ఉండానని ఎవరికీ తోసలేదు. అన్నం సయించక, నిద్ర లేక సన్నబడతాండా నేను. జబ్బు మళ్ళీ వస్తాండాది, అందరూ బాగుండావంటాండారు. మా అత్త మొదటిసారి తన సేత్తో నా తలలో పూలు పెట్టె.

కుప్పంలో పెండ్లినాడు, పాత ఆదితో కుట్టిన పట్టు జాకెట్టు అంగుళం తేడా లేకుండా సరిపాయె. ముహూర్తానికి డోలు మొదలుపెట్టిరి సూడు, ఆ డోలులో నా పేరు. మండపంలో జనమంతా నన్నే అంటాండారనిపించె. లేసి, సెప్పులు కూడా లేకుండా బయటికొచ్చి రోడ్డెంబడి నడిసిపోతి. శాంతిపురం దావలో ఒక రాళ్ళ లారీ నిలిసె. డ్రైవరు దిగి "యాడికమ్మా పోతాండావు?" అనె.

"ఇంటికి."

"ఇల్లు యాడ? నీ పేరేంది?"

సెప్పలేకపోతి తల్లీ. డోలంతా నా పేరే కొట్టిరి, అడిగితే మాత్రం నోటికి రాలేదు. అందరూ మెచ్చుకున్న జాకెట్టు ఒంటి మీద ఉండాది, ఏసుకున్న మనిషి యాడుందో తెలీదు.

పట్టుసీర, పూలు సూసి, పెండ్లిలో నుంచి వచ్చిందని ఆయనే తెలుసుకోని, లారీలో ఎక్కించుకోని మండపం కాడ దించె. ఎవరో ఏమో, ఆయన కడుపు సల్లగుండ. వందల మంది సూసిరి. మా అత్త దేనికి భయపడెనో అదే జరిగె. ఏమాయె? పెండ్లి నిలిసెనా? నాలుగు మాటలనిరి, భోజనాలు సేసిరి, పోయిరి. మా ఆడబిడ్డకు ఇప్పుడు ఇద్దరు పిల్లోళ్ళు. ఆ నాలుగు మాటల కోసరం నేను ఏ లారీ కిందనో పడి సచ్చేదాన్ని.

మళ్ళీ మదనపల్లె, మళ్ళీ మాత్తర్లు, మళ్ళీ లావు. ఒక పొద్దు మధ్యాన్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు అద్దం మీద దుప్పటి తీసేసి, ముందర నిలబడి టేపు పెట్టుకుంటి. నలబై రెండు. కొలతల నోటుబుక్కులో అందరి పేర్ల కింద నా పేరు రాసి, పక్కన నలబై రెండు ఏస్తి. ఆ పాత ఆదిని నాలుగు ముక్కలు సేసి మిషన్ నూనె తుడిసేదానికి పెట్టుకుంటి.

తర్వాత ఆడబిడ్డ సీమంతం, అదీ కుప్పంలోనే. "నువ్వు ఇంట్లో ఉండి పిల్లోళ్ళను సూసుకో" అనె మా అత్త. "నేనూ వస్తాండా" అంటి. అంత గట్టిగా నా గొంతు నేను ఎప్పుడూ ఇనలేదు. కొత్త కొలతతో ఎర్ర జాకెట్టు కుట్టుకోని, పైట సుట్టుకోకుండా అందరి మాదిరే ఏసుకోని పోతి.

భోజనాల కాడ ఎదురు బంతిలో ఒకామె పక్కామెతో, నాకు ఇనపడేటట్టే, "ఆ మెంటలామె ఈమే. ఎట్లయిందో సూడు" అనె.

తల వంచుకుందామనుకుంటి, అలవాటు గదా. నోరు ఎట్ల లేసెనో, "అవునమ్మా, నేనే. మాత్తర్లు కూడా తెచ్చుకుండా. ఈ లడ్డు తిని ఏసుకుంటా, ఆ నీళ్ళ సెంబు ఇట్లియ్యి" అంటి.

ఆ యమ్మే లేసొచ్చి నీళ్ళిచ్చె! మా అత్త పక్కనుంచి నా తొడ గిల్లె. గిల్లనీ, గిల్లేదానికి కావల్సినంత ఉండె. అందరూ సూస్తాండంగానే మాత్తర మింగితి.

లావు గురించి బాధ పడొద్దని నీకు సెప్పనమ్మా. బాధే. మోకాళ్ళు నొస్తాయి, బస్సులో పక్కసీటు వాళ్ళు మొకం సిట్లించుకుంటారు. ఆ బాధ డాక్టరమ్మకు సెప్పల్ల. నేను సిగ్గుతో ఎనిమిదేండ్లు సెప్పలేదు. సెప్పిన పొద్దు ఆ యమ్మ, "ముందే సెప్పుంటే మార్చుందును గదమ్మా" అనె. మాత్తర మార్చిచ్చె, కొంచెం తగ్గితి. ఊదుకడ్డీ కాలేదు, కావల్సిన పనీ లేదు. సోమవారం నేనూ వస్తా నీతో. ఇద్దరం కూసోని అడుగుదాం. ఆమె మార్చేదాకా ఇవే ఏసుకో. నీ అంతట నువ్వు మానితే, నీ కాలేజీ పిల్లోళ్ళు సన్నబడినావని మెచ్చుకుంటారు. నిన్ను రోడ్ల మీద ఎతికేది మేము.

ఏడువు, ఏడువు. నేనేం మాత్తర ఏసుకుండావా అని అడగనులే.

ఆ జాకెట్టు పక్కన పెట్టు. అర అంగుళం విప్పేది లేదు, కొత్తది కుడతా. లెయ్యి, సేతులెత్తు. ఇంకా పైకి. ఊపిరి బిగబట్టొద్దు హేమా. బిగబట్టిన కొలత నేను రాసుకోను. ఇడువు... ఇంగా ఇడువు. ఆఁ, అట్లా.

సల్లంగా బతుకు తల్లీ.