భుజంగరావుగారి ఉడతలు

సభకు పెద్దగా కూర్చున్న నరసింగరావుగారికి, టెలిఫోన్ ఆఫీసు నుంచి వచ్చిన ఆఫీసరుగారికి, మా రుఆబాంధా సెక్టరు అక్కచెల్లెళ్ళకూ అన్నదమ్ములకూ, ఈ రోజుతో ఉద్యోగం వదిలి మా చేతుల్లోంచి తప్పించుకుపోతున్న లైన్‌మన్ భుజంగరావుగారికీ వందనాలు. నేను అయిదో క్లాసు దాటలేదు. ఈ మైకు ముట్టుకుంటే షాకు కొడుతుందేమోనని దూరం నుంచే మాట్లాడుతున్నాను, వెనక వాళ్ళకు వినపడకపోతే అదృష్టవంతులు.

ఫోనున్న ఇళ్ళ తరఫున ఈయన్ని పొగడమన్నారు. పొగుడుతాను. మా అబ్బాయి డేవిడ్‌రాజ్ ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ పెట్టించినప్పుడు, కన్ను మూసి తెరిచేలోగా పేజీ వస్తుందన్నారు. నిజమే! మధ్యాహ్నం భోంచేసి కన్ను మూసి, ఓ కునుకు తీసి తెరిచేసరికి సగం పేజీ వచ్చేది. (నవ్వులు) మా పాస్టరుగారి ప్రార్థనయినా అంతకంటే ముందే ముగిసేది. అయ్యగారూ, ఇక్కడే ఉన్నారా, క్షమించాలి.

ఎనిమిది నెలల్లో పదకొండు ఫిర్యాదులు పెట్టాను. పదకొండుసార్లూ ఈయనే వచ్చారు. మోడెమ్‌కు దుమ్ము పడుతుందని నేను కప్పిన లేసు గుడ్డ తీయించి, "ఉక్కపోస్తాదమ్మా దానికి" అన్నారు. ఇంకోసారి, "ఆపీసి, పది లెక్కెట్టి మళ్ళీ ఎయ్యండి" అన్నారు. ఆ తర్వాత వాన తడి అన్నారు, ఆ తర్వాత ఉడత కొరికిందన్నారు. సెక్టరంతా వదిలేసి ఉడతలన్నీ మా తీగె మీదే కక్ష కట్టాయన్నమాట.

ఇంతలో మా మనవరాలు జాయ్‌కి నర్సింగు కాలేజీ ఫారం వచ్చిపడింది. నెట్‌లోనే పంపాలట, ఆఖరి రోజు సాయంత్రం అయిదింటిలోగా. సైబర్ దుకాణం దగ్గర క్యూ రోడ్డు దాకా ఉంది. ఇంట్లో చూస్తే రెండు గంటల నుంచీ ఫోటో ఎక్కదు. "నానమ్మా, ఫిర్ అటక్ గయా, మళ్ళీ ఆగిపోయింది, నా ఏడాది పోయినట్టే" అని పిల్ల ఏడుపు. మళ్ళీ భుజంగరావుగారే వచ్చారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా ఫోను నుంచి గోడ మీదుగా పక్కింటి అప్పలనర్సమ్మ ఇంటికి ఒక పాత తీగె ఉండేది. మా ఆయన కొర్నేలి ఉక్కు ప్లాంటులో, బొగ్గు కాల్చే కోక్ ఓవెన్‌లో పనిచేసే రోజుల్లో, నేను చర్చికి వెళ్ళినప్పుడు ప్లాంటు నుంచి ఫోనొస్తే ఎవరెత్తుతారని వేయించుకున్నది. ఆయన పోయి ఆరేళ్ళు. కానీ ఇప్పుడు అబ్బాయీ అదే ప్లాంటులో షిఫ్టులకు వెళ్తున్నాడు కదా, ఆ ఫోను భయం నన్ను వదల్లేదు! రూలు ప్రకారం ఆ తీగె ఉండకూడదు. ఎవరు వేశారంటారా ఆఫీసరుగారూ? వయసు మీద పడింది, గుర్తు లేదు. (నవ్వులు) భుజంగరావుగారూ, తల దించుకోకండి, నేను పేరు చెప్పలేదు.

ఆ తీగెలోకి చీలిపోయే నెట్ నీరసించిపోతోందని ఈయన మొదటి రోజే చెప్పారు. సాకులే అనుకున్నాను. ఆ తీగె తీయనని ఏడ్చి ఆయన దగ్గర మాట తీసుకుని, మళ్ళీ నేనే ఫిర్యాదులు పెట్టాను. పాపం, తీగె సంగతి బయటపెట్టలేక, ఫిర్యాదుల పుస్తకంలో రాయడానికి ఆయనకు ఉడతలు కావలసొచ్చాయి.

ఆ రోజు గడియారం చూసి అన్నారు: "అమ్మా, పిల్ల బతుకు. మీరే తెంపీయండి. మాటిచ్చినోణ్ణి, నా సెయ్యి రాదు."

కూరల కత్తెరతో తెంపాను. గోడవతల అప్పలనర్సమ్మ కేక, "ఏటే డైసీ, ఫోను సచ్చిపోనాదేటి?"

"నేనే సంపీసాన్లే!"

నాలుగూ నలభైకి ఫారం వెళ్ళింది. జాయ్ ఇప్పుడు రాయపూర్ హాస్టల్లో ఉంది. అక్కడ దోమలట, అది వేరే బెంగ.

నిన్ననే తెలిసింది. "పదకొండు ఫిర్యాదులు, సరిచేయడం చేతకాలేదు" అని ఈయన ఫైలులో ఒక మెమో పెట్టారట. ముప్ఫై నాలుగేళ్ళ ఉద్యోగానికి అదీ ఆఖరి కాయితం. ఆఫీసరుగారూ, పని ఆయనకు వచ్చు. నా భయాన్ని తెంపడమే రాలేదు. పదకొండు ఫిర్యాదులూ వెనక్కి తీసుకుంటున్నట్టు రాయించి, సంతకం పెట్టి తెచ్చాను. ఆయనకు శాలువా కప్పేలోగా ఇది మీరు పుచ్చుకోవాలి. నాకు మోకాళ్ళ నొప్పులు, అయినా ఇక్కడే నిలబడతాను.

ఇంతసేపు ఓర్చుకున్న అందరికీ దండాలు. ఆఫీసరుగారు చెయ్యి చాపగానే నేను సెలవు తీసుకుంటాను.