ఆవంలో మాడిన అద్దం చట్రాలు

సభాధ్యక్షురాలు నిర్మలమ్మగారికి, మహిళా మండలి పెద్దలకు, మట్టెవాడ అక్కచెల్లెళ్లకు నమస్కారం.

ఈ వీడ్కోలు సభలో ఇప్పటిదాకా మాట్లాడినవాళ్లు నన్ను దేవతను చేసి పీట మీద కూర్చోబెట్టారు. అనసూయా, నాకు కోపమే తెలియదన్నావే, మొన్న కత్తెర పోగొట్టినప్పుడు నీ మీద అరిచిందెవరు? (నవ్వులు) పదిహేడేళ్లు ఇక్కడ చేతిపనులు నేర్పాను, బాగానే నేర్పాను, అందులో నాకు అనుమానం లేదు. కానీ మీరింతగా పొగిడిన ఆ ప్లాస్టిక్ మట్టి బొమ్మల సంగతి మాత్రం సరిచేసి పోవాలి.

డెబ్బై ఎనిమిదిలో మా మరిది జర్మనీ నుంచి రంగురంగుల మట్టి పొట్లాలు తెచ్చాడు. వాటితో మనవాళ్లు అద్దాలకు పూలచట్రాలు, గోడకు తగిలించే చిలకలు చేశారు. ఎలా కాల్చాలో పొట్లం మీదే ఉంది, జర్మను భాషలో. నాకు రాదని చెప్పడానికి నామోషీ. మట్టే కదా అని, మన ఆయా సమ్మమ్మను వాళ్లింట్లో కుండలు కాల్చే కుమ్మరి ఆవంలో పెట్టమన్నాను. ఆమె ముద్దను వేళ్లతో నలిపి చూసి, "టీచరమ్మా, ఇది మట్టి కాదు, నీళ్లు తాగుతలేదు. ఆవంల పెడితే మాడిపోతది" అంది. "చదువుకున్నది నువ్వా, నేనా?" అన్నాను.

ఆవం తెరిస్తే నల్లటి ముద్దలు. నెల రోజుల పని బుగ్గిపాలు. కమిటీ అడిగితే, సమ్మమ్మ మంట ఎక్కువ పెట్టిందన్నాను. అవును, అబద్ధమాడాను. ఆమె అక్కడే ఉండి కూడా నోరు విప్పలేదు.

మిగిలిన ఒక్క పొట్లం సమ్మమ్మ తీసుకుని, బేకరీ రాజలింగును బతిమాలి, రస్కులన్నీ తీసేశాక చల్లారే పొయ్యిలో వేరే రేకు మీద పెట్టి, నాలుగైదుసార్లు చెడగొట్టి, ఎంత వేడి కావాలో ఆమే పట్టుకుంది. హైదరాబాద్‌లో ఆ బొమ్మలకు వచ్చిన బహుమతి ఆమె చలవే, పేరు మాత్రం నాది. ఆ రోజు నిజం ఎందుకు చెప్పలేదని తర్వాత అడిగితే, "చెప్తే నీ నౌకరి పోదా? నాది ఊడ్చే పని, యాడన్న దొరుకుతది" అంది.

నా స్థానానికి సమ్మమ్మ పేరు రాగానే ఆ ఆవం సంగతి ఎత్తి ఆమె పేరు కొట్టేశారని విన్నాను. నిర్మలమ్మగారూ, తప్పు నాది. నిన్ననే రాసి సంతకం పెట్టి మీ బల్ల మీద ఉంచాను, ఇప్పుడు అందరి ముందూ నోటితో చెప్తున్నాను. అయినా వద్దంటే, కారణం ఈ మైకులోనే చెప్పండి. (చప్పట్లు)

నన్ను భరించిన మీకందరికీ కృతజ్ఞతలు. సమ్మమ్మా, ఎనిమిదేళ్లు నా బదులు మాటలు పడ్డావు, క్షమించు. తలుపు దగ్గర నిలబడ్డావేం? వచ్చి ఈ కుర్చీలో కూర్చో. నువ్వు కూర్చుంటే గాని నేను దిగను.

(సమ్మమ్మ వచ్చి కూర్చున్నాక) సెలవు.