వెనక నుంచి వచ్చే జవాబు

తోకచింత దగ్గరికి మాత్రం పోవద్దు. రేపు మీరు ఎక్కే దారిలో ఎడమ పక్కకి ఒక కాలిబాట చీలుతుంది, దాని మొగదల్లోనే ఉంటుంది ఆ చింతచెట్టు. విరగకాస్తుంది, కోతులు తప్ప ముట్టుకునేవాళ్లు లేరు. మా ఊరివాళ్లు చింతపండు అంగట్లో కొనుక్కుంటారు గానీ ఆ చెట్టు కింద రాలింది ఏరుకోరు. ఎందుకంటారా? చెబుతా. ముందు ఆ బూట్లు బయట విప్పి రా నాయనా, గచ్చు ఇప్పుడే కడిగించాను.

సెలవు వస్తే చాలు కొండెక్కడానికి మీలాంటి ఒక బ్యాచ్ దిగుతుంది, ప్రతి బ్యాచ్‌కీ నేను ఇదే చెప్పాలి. విసుగొస్తోంది. అయినా ఎందుకు చెబుతానంటే, మీరు తప్పిపోతే వెతకడానికి పోవాల్సింది మా ఊరి మగవాళ్లే, వాళ్లకి అన్నం కట్టి పంపాల్సింది నేనే. నేను కర్నూలులో జువాలజీ చదివాను, దెయ్యం మీద మాకు పాఠమేమీ లేదు. జరిగింది జరిగినట్టు చెబుతా, నమ్మడం మీ ఇష్టం.

పూర్వం కొండ అవతల తిరునాళ్లకి మా వాళ్లు ఆ బాటనే నడిచిపోయేవారు. ఇద్దరు పక్కపక్కన పట్టని బాట, ఒకరి వెనక ఒకరు పోవాల్సిందే. ఎప్పుడో ఒకామెకి కాల్లో ముల్లు దిగి ఆ చెట్టు కింద కూర్చుందట, మీరు నడవండి నేను వస్తాండా అందట, వీళ్లు నడిచారట, ఆమె రానేలేదట. ఆమె పేరు కూడా ఎవరికీ గుర్తులేదు, చూడండి. ఇక అప్పట్నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నారు. అందరికన్నా వెనక నడిచే మనిషిని తోక అంటారు. ముందు నడిచేవాడు మలుపు తిరిగినప్పుడల్లా 'తోకా' అని కేకేస్తాడు, తోక 'వస్తాండా' అని పలకాలి. ఇంతవరకూ బాగానే ఉంది కదా? దీనికి ఇంకోటి తగిలించారు. చింత దాటాక, వాగు వచ్చేదాకా ఎవ్వరూ వెనక్కి తిరిగి చూడకూడదు, చూస్తే ఆమె వెంట వస్తుందట. అంటే వెనక మనిషి ఉందో లేదో చెవులతో తెలుసుకోవాలన్నమాట, కళ్లుండి కూడా. ఇదేం పద్ధతని నేను కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు అడిగితే, నువ్వు చదువుకున్నావులే తల్లీ అని మా అత్త నా చేతికి చాట ఇచ్చి పంపేసింది.

సరే, కొన్నేళ్ల కింద ఓబులేసు వాళ్లు ఆ తిరునాళ్లకే బయల్దేరారు. ఓబులేసు అంటే ఇదిగో, ఇందాక మీకు చపాతీలు వడ్డించిందే గురవమ్మ, ఆమె మొగుడు. గురవమ్మ చెల్లెలు సుంకులమ్మకి మలేరియా వచ్చి చచ్చి బతికింది, బతికితే చెల్లెల్ని కాలినడకన తీసుకొస్తానని గురవమ్మ దేవుడికి మొక్కుకుంది. నడవాల్సింది ఎవరు? మంచంలోంచి లేచిన మనిషి. మొక్కిన ఆమె బాగానే ఉంది.

పైగా ఓబులేసు ఆమెనే తోకగా పెట్టాడు. మామూలుగా తోకకి గట్టి మనిషిని పెట్టాలి, వెనక ఎవరైనా పడితే లేపగలిగేవాడిని. ఈయన లెక్క వేరు. నువ్వు వెనక రా మరదలా, నీ నడకకి మేమంతా ఆగితే అక్కడ దేవుడు గుడి తలుపులేసుకుని పడుకుంటాడు అన్నాడట. నీకేం బావా, నువ్వు ఆగినా నీ పొట్ట ముందే చేరుతుంది అందట ఆమె. అందరూ నవ్వారు. నవ్వుతూనే నీళ్ల క్యాన్లు రెండూ ఓబులేసు భుజాన వేసుకున్నాడు, ఆడవాళ్లకి బరువెందుకని. మంచివాడే పాపం. కానీ నీళ్లు వరసకి ముందు, జ్వరం మనిషి వరసకి వెనక. ఆమె కాళ్లకి తిరునాళ్ల కోసం సంతలో కొన్న కొత్త చెప్పులు. ఎందుకమ్మాయ్ గుమ్మం బయటున్న నీ బూట్ల వంక చూస్తావు, అవీ కొత్తవేనని నువ్వు వచ్చేటప్పుడే చూశాను.

చైత్రం ఎండ, ఆకు రాలిపోయిన అడవి, నీడ లేదు. చింత దాటారు. ఓబులేసు 'తోకా' అన్నాడు, వెనక నుంచి 'వస్తాండా' అని వచ్చింది. ఇంకో మలుపు, మళ్లీ 'తోకా', మళ్లీ 'వస్తాండా'. తోకకి ముందు నడిచేది గురవమ్మే, ఆమెకి ఆ గొంతు వీపుకి ఆనుకున్నంత దగ్గరగా వినపడుతోంది. కొంచెం అలిసినట్టుంది, జ్వరం పడి లేచిన మనిషి కదా, అలాగే ఉంటుంది అనుకుంది. ఒక చోట నీరసంగా ఉందా చెల్లీ అని తిరగకుండానే అడిగిందట. లేదక్కా, మీరు నడవండి, వస్తాండా అని జవాబు. ఇక అడగాల్సిందేముంది? నడిచింది.

పొద్దు వాలేటప్పటికి వాగు చేరారు. ఓబులేసు క్యాన్లు దించాడు. గురవమ్మ గ్లాసులో నీళ్లు వంచి, తాను తాగకుండా, ఇదిగో ముందు నువ్వు తాగు అని వెనక్కి తిరిగి చెయ్యి చాపింది.

ఎవరూ లేరు.

గ్లాసు చేతిలోనే ఉంది, బాట ఖాళీగా ఉంది, ఎండుటాకుల మీద అడుగుల చప్పుడు కూడా లేదు. ఆ ఖాళీ బాట మీద నుంచి, ఈ గుమ్మానికీ ఆ గోడకీ ఉన్నంత దూరం నుంచి, 'మీరు నడవండి, వస్తాండా' అని మళ్లీ వినపడింది. ఓబులేసూ విన్నాడు, తక్కినవాళ్లూ విన్నారు. కోపం లేదట ఆ గొంతులో, బెదిరింపూ లేదట. ఊరికే అలిసిపోయి ఉందట, పనంతా అయ్యాక వచ్చి పడుకుంటాలే అనే ఆడమనిషి గొంతులాగా.

పొద్దు పోతోంది, వెనక్కి పోకూడదు, తెల్లారి చూద్దాం అని తోటివాళ్లు పట్టుకున్నారు. తెల్లారితే ఏం చూస్తాం, నా చెల్లెల్ని చూస్తామా, శవాన్ని చూస్తామా అని గురవమ్మ చెయ్యి విదిలించుకుని, క్యాను భుజాన వేసుకుని వచ్చిన దారినే పోయింది. ఓబులేసు వెంట పరిగెత్తాడు. దారి పొడుగునా సుంకులమ్మా అని అరుస్తూనే ఉన్నారు, ప్రతి అరుపుకీ ఎదురుగా ఖాళీ బాట మీద నుంచి వస్తాండా అని వస్తూనే ఉంది. గురవమ్మ ఈసారి దానికి ఆగలేదు.

సుంకులమ్మ చింత కిందే ఉంది. చెప్పు కరిచి, బొబ్బ పగిలి, కళ్లు తిరిగి అక్కడే కూలబడింది. లేచి తిరగలేదు కాబట్టి బతికింది, ఆ ఓపికే ఉండి నీళ్ల కోసం అడవిలోకి పోయి ఉంటే ఎముకలు కూడా దొరికేవి కావు. పెదాలు తడిపి, కొంచెం కొంచెంగా తాగించి, ఓబులేసు వీపున వేసుకున్నాడు. అప్పుడు కళ్లు తెరిచి చెప్పిందట. బావ మొదటి కేక నేను విన్నాను, ఆగండి, నడవలేను అని అరిచాను, నా అరుపు నోట్లోంచి వచ్చేలోపే మీ వెనక ఎవరో వస్తాండా అన్నారు, మీరు పోయారు. అని, అక్క వైపు తిరిగి, నా గొంతు నీకు తెలీదా అక్కా అంది.

గురవమ్మ ఏం చెబుతుంది? అలిసినోళ్ల గొంతులన్నీ ఒకటే మాదిరుంటాయి గదే అంది. ఆ మాటకి సుంకులమ్మ ఈరోజు వరకూ ఒప్పుకోలేదు. అక్కాచెల్లెళ్లు మాట్లాడుకుంటారు, ఒకే పొయ్యి మీద వండుకుంటారు. కానీ ఎవరు పిలిచినా సుంకులమ్మ ఉన్నచోటు నుంచి పలకదు. చేతిలో పని వదిలేసి వచ్చి, పిలిచినవాళ్ల ఎదురుగా నిలబడుతుంది. చూసుకోండి, నేనే, అన్నట్టు.

ఇంతే. ఎవరి నీళ్లు వాళ్లు మోసుకోండి, నడక తక్కువవాళ్లని ముందు నడిపించండి, గట్టివాడు వెనక ఉండాలి, ఆగినప్పుడల్లా వెనక్కి తిరిగి మొహాలు చూడండి. గైడు కుడిపక్క దారిలో తీసుకెళ్తాడు, దాంట్లోనే పోండి. ఎడమ బాటలో ఫొటోలు బాగా వస్తాయని ఎవరో ఫోన్లలో పెట్టారట, నాకు తెలుసు. పోవద్దు. కాదు, పోతాం అంటారా, మీలో వెనక నడిచేదెవరో ఇప్పుడే తేల్చుకుని, వాళ్ల ఇంటి ఫోన్ నంబరు నాకిచ్చి పడుకోండి.