తొట్టిలో చేప

ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలలో, రెల్లుదుబ్బుల మధ్య, సగంరోజు చేపల వేట ముగిసే వేళకి, గైడు పడవ మోటారు ఆపింది. గాలం వేసి వేసి విసిగిపోయిన గిరాకీ మనిషి తన ఫోను ఆమె చేతికిచ్చాడు.

"ఒక్క చేపా పడలేదు కెప్టెన్. మీ పడవ తొట్టిలో ఉన్న ఆ పెద్ద బాస్ చేపతో నాకో ఫొటో తీయండి."

"అది పొద్దున్నే వేరే చెరువులో నేను పట్టింది సార్."

"ఎవరికి తెలుస్తుంది? నేనే పట్టానని పెడతా."

అతను వంగి తొట్టిలోంచి చేపని ఎత్తాడు, ఆమె ఫొటో తీసి ఫోను తిరిగిచ్చింది.

"ఇదిగో, ఈ చోటు మ్యాపుతో సహా నెట్లో పెట్టేశా. అప్పుడే మూడొందలమంది ఆదివారం వస్తామంటున్నారు!"

"మా నాన్న నాకు చూపించిన మడుగు కూడా నిరుడు మీరు ఇలాగే పెట్టారు. ఎవరికీ చెప్పనని పడవెక్కేముందు మాటిచ్చి మరీ."

"గుర్తుపట్టారా? పేరు మార్చా, గడ్డం తీసేశా..."

"గొంతు మారలేదుగా. వారంలో ముప్పై పడవలొచ్చి మడుగంతా ఊడ్చేశాయి. నా నోటికాడ కూడు పోయింది."

"మరి నన్నిక్కడికి ఎందుకు తెచ్చారు?"

"ఏప్రిల్లో ఈ చోటు ఎండి బీటలు వారింది సార్. ఇప్పుడు నీళ్ళున్నాయి, పెద్ద చేపల్లేవు. మీవాళ్ళకి దోమలు మాత్రం దండిగా దొరుకుతాయి."

"అమ్మో! ఇప్పుడే తీసేస్తా."

"తీసేయండి. నా ఫోన్లోనూ ఒక ఫొటో ఉంది, మీరు వంగి తొట్టిలోంచి చేపని ఎత్తేటప్పటిది. ఆదివారం దాకా ఆగి పెడదామనుకున్నా. మీరే తొందరపెడుతున్నారు."