మూత తీసిన సీసా

ఘనాలో, ఏటి ఒడ్డు కోకో పల్లెలో, కొత్తగా గద్దెనెక్కిన తమ్ముణ్ని ఊరి రాణమ్మ అయిన అక్క నిలదీస్తోంది.

“బంగారం కంపెనీవాళ్ళు తెచ్చిన సారా సీసా తీసుకున్నావా?”

“ఇంటికొచ్చినవాళ్ళక్కా! వద్దంటే మర్యాదగా ఉంటుందా?”

“మూత తీశావా?”

“తీశాను.”

“తాగావా?”

“ఒక్క చుక్క తాగలేదు, ఒట్టు! మన ఆచారమే కదా అని, పోయిన పెద్దల పేర్లు చెప్పి నేల మీద పోశానంతే.”

“నీ మర్యాద మండిపోనూ! ఊరు ఒప్పుకోనిదే ఏట్లో తవ్వకూడదని చట్టముంది. రేపు సర్కారువాళ్ళు అడిగితే వద్దనడానికి ఊరంతా సిద్ధంగా ఉంది.”

“అయితే రేపు వద్దనే అందాం.”

“ఏ నోటితో అంటావురా? అడగొచ్చినవాళ్ళ సీసా మూత తీస్తే సరేనన్నట్టే కదా! తాగుంటే నువ్వొక్కడివే ఒప్పుకున్నట్టు. నేల మీద పోసి, చచ్చినవాళ్ళ చేత కూడా సరే అనిపించావు కదరా!”